కూగర్లూ, కాకిలెక్కలూ

ప్యూమా బూట్ల మీద గాల్లోకి దూకుతూ కనిపించే పిల్లి తెలుసు కదా? ఈ వ్యాసం దాని గురించే. దాని ఊరు అమెరికా ఖండాలు. పైన కెనడాలోని యూకాన్ నుంచి కింద చిలీ కొస దాకా ఉంటుంది. ఇన్ని దేశాల్లో తిరగడం వల్లేమో పేర్లు కూడా బోలెడు: ప్యూమా, కూగర్, మౌంటెన్ లయన్, ఫ్లోరిడాకి పోతే పాంథర్. యాపిల్ వాళ్లు 2001లో ఒక ఓఎస్‌కి ప్యూమా అనీ, 2012లో ఇంకో ఓఎస్‌కి మౌంటెన్ లయన్ అనీ పేరు పెట్టారు. అంటే పదకొండేళ్ల తేడాతో ఒకే జంతువుని రెండుసార్లు రిలీజ్ చేశారన్నమాట. నేను మాత్రం కూగర్ అనే అంటాను. చిన్న మాట, టైప్ చేయడానికి సుఖం.

మన ఈ-పత్రికలో కథలూ కవితలూ రాసేవాళ్లకి కొదవ లేదు కాబట్టి నేను లెక్కల మీద పడ్డాను. ప్రాబబిలిటీ క్లాసులో ఒక రెండు లైన్ల ఫార్ములా వచ్చింది. చెరువులో చేపలు ఎన్నో చెప్పే ఫార్ములా. పరీక్షకి అది చాలు. కానీ నిజంగా దీన్ని ఎవరు వాడతారు, వాడితే జవాబు ఎంతవరకు నమ్మొచ్చు అని వెతుకుతూ పోతే అమెరికా పశ్చిమ రాష్ట్రాల కొండల్లో తేలాను. అక్కడ ఎన్నో ఏళ్లుగా ఒక గొడవ నడుస్తోంది. కూగర్లు ఎన్ని ఉన్నాయి? జింకలు తగ్గడానికి కారణం అవేనా? ఈ రెండు ప్రశ్నలకి ఎవరు ఏ అంకె చెప్తారన్నదాన్ని బట్టి ఏటా ఎన్ని కూగర్లని కాల్చొచ్చో తేలుతుంది.

ముందు ఫార్ములా సంగతి. మన క్యాంపస్ కుక్కలనే తీసుకుందాం. ఒక ఆదివారం కెమెరా పట్టుకుని తిరిగి కనిపించిన ప్రతి కుక్కనీ ఫొటో తీశారు, 20 వచ్చాయి. వచ్చే ఆదివారం మళ్లీ తిరిగితే 15 కనిపించాయి. అందులో 6 పోయిన వారం ఆల్బమ్‌లో ఉన్నవే. అంటే రెండోసారి కనిపించినవాటిలో 15కి 6, అంటే 40 శాతం, పాతవి. క్యాంపస్ మొత్తం కుక్కల్లో కూడా మన ఆల్బమ్‌లో ఉన్నవి అదే 40 శాతం అనుకుంటే, 20 అనేది 40 శాతం అయితే మొత్తం 50. అంతే. 20ని 15తో గుణించి 6తో భాగించడం. దీన్ని లింకన్-పీటర్సన్ పద్ధతి అంటారు. పీటర్సన్ డెన్మార్క్ చేపల శాస్త్రవేత్త, లింకన్ అమెరికాలో బాతుల కాళ్లకి రింగులు తొడిగి లెక్కపెట్టినాయన. వీళ్లిద్దరికీ ముందే, 1802లో, ఇలాంటి నిష్పత్తితోనే ఫ్రాన్స్ జనాభా అంచనా వేసినాయన ఒకరున్నారు. ట్రాన్స్‌ఫార్మ్‌లతో మనల్ని ఏడిపించే లాప్లాస్ గారే.

ఈ లెక్క వెనక కొన్ని షరతులున్నాయి. రెండు ఆదివారాల మధ్య కొత్త కుక్కలు రాకూడదు, ఉన్నవి పోకూడదు. ప్రతి కుక్కకీ ఫొటోలో పడే అవకాశం ఒకేలా ఉండాలి. క్యాంటీన్ దగ్గర బిస్కెట్ల కోసం కాచుకునే కుక్కలు రెండుసార్లూ పడతాయి, వాటర్ ట్యాంకు వెనక బతికే పిరికివి ఒక్కసారీ పడవు. అప్పుడు పాతవాటి సంఖ్య పెరిగి మొత్తం అంచనా అసలు కంటే తగ్గిపోతుంది. ఇక అన్నిటికంటే ముఖ్యమైన షరతు: ఈ వారం చూసిన కుక్క పోయిన వారం చూసినదేనా అని మీరు గుర్తుపట్టగలగాలి. మన కుక్కలకి మచ్చలుంటాయి, విరిగిన చెవులుంటాయి. ఇప్పుడు యాభై కుక్కలూ ఒకే లేత గోధుమ రంగు, ఒక్క మచ్చ కూడా లేదు అనుకోండి. అదీ కూగర్ల సమస్య.

పెద్దపులికి చారలున్నాయి. ఏ రెండు పులుల చారలూ ఒకేలా ఉండవు. అందుకే 1990లలో ఉల్లాస్ కారంత్ నాగరహోళె అడవుల్లో కెమెరా ట్రాపులు పెట్టి, ఫొటోల్లో చారలు పోల్చి, ఇదే ఫార్ములా కుటుంబానికి చెందిన పద్ధతులతో పులుల లెక్క తేల్చగలిగారు. అంతకుముందు మన దగ్గర పాదముద్రలు చూసి లెక్కేసేవాళ్లు. రాజస్థాన్‌లోని సరిస్కాలో ఆ కాగితాల లెక్కలో పులులున్నాయి, 2005లో చూస్తే అడవిలో ఒక్కటీ లేదని తేలింది. ఇప్పుడు మన నల్లమలలో కూడా చారల ఫొటోలతోనే లెక్క. కూగర్‌కి ఆ సౌకర్యం లేదు. కూనలకి మచ్చలుంటాయి కానీ పెరిగేకొద్దీ చెరిగిపోతాయి. పెద్దయ్యాక అన్నీ ఇసుక రంగే. పైగా ఒంటరిగా, ఎక్కువగా రాత్రిపూట తిరుగుతాయి, సింహంలా గర్జించవు. 100 చదరపు కిలోమీటర్ల కొండలో పెద్దవి ఒకటో రెండో ఉంటాయి, మహా అయితే నాలుగైదు.

అందుకని గుర్తులు మనమే పెట్టాలి. పాత పద్ధతి వేటకుక్కలతో తరమడం. కుక్కలు వెంటపడితే కూగర్ చెట్టెక్కేస్తుంది. కింద నుంచి మత్తు సూది కొట్టి, దించి, చెవికి ట్యాగో మెడకి కాలరో పెట్టి వదిలేస్తారు. కొత్త పద్ధతి డీఎన్ఏ. ముళ్లతీగలో ఇరుక్కున్న వెంట్రుకలు, చిన్న బాణంతో గిల్లిన చర్మం ముక్క, వాసన పట్టే శిక్షణ ఉన్న కుక్కలు వెతికిపెట్టిన మలం, ఏదైనా సరే. ఒక్కో నమూనా ఒక్కో రోల్ నంబర్ లాంటిది. 2011 జూన్‌లో కనెటికట్‌లో హైవే మీద కారు గుద్ది ఒక మగ కూగర్ చనిపోయింది. ఆ రాష్ట్రంలో కూగర్లు అంతరించి వందేళ్లు దాటింది. డీఎన్ఏ చూస్తే అది దక్షిణ డకోటాలోని బ్లాక్ హిల్స్ వంశం. మధ్యలో మినెసోటా, విస్కాన్సిన్‌లలో దొరికిన నమూనాలతో కూడా సరిపోయింది. అంటే ఆ కుర్రది రెండు వేల కిలోమీటర్లు దాటి నడిచి వచ్చింది. రెండు ఆదివారాల మధ్య ఎవరూ రాకూడదు, పోకూడదు అనే షరతు ఇలాంటి జంతువు దగ్గర ఎంత నిలబడుతుందో చూసుకోండి.

గుర్తులు దొరికినా ఇంకో చిక్కు ఉంది, అది నాకు కోడ్ రాస్తేగానీ ఒంటికి పట్టలేదు. పైథాన్‌లో ఒక ఊహా అడవి చేశాను. అందులో సరిగ్గా 30 కూగర్లు. ఒక్కో విడతలో ఒక్కోటి దొరికే అవకాశం నాలుగింట ఒకటి. రెండు విడతలు పట్టి, ఫార్ములాలో వేసి, దాన్ని వెయ్యిసార్లు నడిపించాను. సగటున విడతకి ఏడెనిమిది దొరుకుతాయి, రెండుసార్లూ దొరికేవి ఒకటో రెండో. ఉదాహరణకి మొదట 8, తర్వాత 7, రెండిట్లోనూ ఉన్నవి 2 అయితే జవాబు 28. బ్రహ్మాండం. అదే పాతది 1 మాత్రమే పడితే 56. 3 పడితే 19 కూడా రాదు. ఒక్క పిల్లి ఆ రాత్రి కెమెరా ముందు నుంచి కాకుండా వెనక నుంచి వెళ్లిందనుకోండి, అడవి జనాభా రెట్టింపైపోయింది! వెయ్యిలో నూట నలభైకి పైగా సార్లు పాతది ఒక్కటీ పడలేదు, అప్పుడు సున్నాతో భాగించాలి, ప్రోగ్రామ్ ఎర్రర్ కొట్టి ఆగిపోతుంది. అది బగ్ కాదు. ఆ డేటాతో ఏమీ చెప్పలేం అని నిజాయితీగా చెప్పడం అది. హారంలో ఒకటి కలిపే చాప్‌మన్ సవరణ వాడితే ఎర్రర్ రాదు, కానీ సమాచారం కొత్తగా పుట్టుకురాదు కదా.

విస్తీర్ణం గొడవ ఇంకోటి. 400 చదరపు కిలోమీటర్లలో కెమెరాలు పెట్టారు, 10 కూగర్లు తేలాయి. సాంద్రత 100కి 2.5 అని రాసేద్దామా? కుదరదు. ఒక మగ కూగర్ తిరిగే మేరే కొన్ని వందల చదరపు కిలోమీటర్లుంటుంది. ఫొటోలో పడ్డవాటిలో సగం పక్క కొండ నుంచి చుట్టపుచూపుగా వచ్చినవి కావచ్చు. వాటినీ మన నాలుగు వందల్లోనే ఇరికిస్తే సాంద్రత ఉబ్బిపోతుంది. దీనికి 2004లో న్యూజిలాండ్‌కి చెందిన మర్రే ఎఫర్డ్ ఒక దారి చూపించారు. ప్రతి జంతువుకీ మ్యాప్ మీద ఒక కేంద్రం ఉంటుందనీ, ఆ కేంద్రం నుంచి దూరం పెరిగేకొద్దీ అది కెమెరాలో పడే అవకాశం తగ్గుతుందనీ మోడల్లోనే పెట్టేశారు. ఎన్ని దొరికాయన్నదే కాదు, ఎక్కడెక్కడ దొరికాయన్నది కూడా డేటాయే. ఇప్పుడు పులులకైనా కూగర్లకైనా గట్టి లెక్కలన్నీ దీని మీదే నడుస్తున్నాయి.

ఇవన్నీ లేని రోజుల్లో అంకెలు ఎలా పుట్టేవో కాలిఫోర్నియా చెప్తుంది. అక్కడ 1907 నుంచి 1963 దాకా కూగర్‌ని చంపి తెస్తే ప్రభుత్వమే బహుమతి ఇచ్చేది. అలా 12,462 చంపారు. చచ్చినవాటికి మాత్రం పక్కా రసీదులున్నాయి. 1990లో జనం ఓటేసి సరదా వేటని పూర్తిగా నిషేధించారు. ఇక బతికున్నవి ఎన్ని అంటే, దశాబ్దాల పాటు అందరూ చెప్పిన అంకె 4,000 నుంచి 6,000. అది ముతక అంచనా అని స్వయంగా ఆ శాఖే ఒప్పుకునేది. అయినా వార్తల్లో 6,000 అనే కొసే ఎక్కువ తిరిగేది, పెద్ద అంకెకి ఎప్పుడూ గిరాకీ ఎక్కువ. తర్వాత కాలర్లూ డీఎన్ఏ నమూనాలూ పెట్టి రాష్ట్రం మొత్తం మీద ఏళ్ల తరబడి పనిచేస్తే, 2024 నాటికి బయటికొచ్చిన అంచనా సుమారు 3,200 నుంచి 4,500. మధ్యలో కూగర్లు వేలల్లో చచ్చిపోయాయని కాదు. లెక్క మారింది, అంతే. మన పెద్దవాళ్లు ఇలాంటి పాత అంకెల్నే కాకిలెక్కలు అనేది.

సరే, ఇంత కష్టపడి లెక్కపెట్టడం ఎందుకు? జింకల కోసం. అక్కడ ప్రధానంగా మ్యూల్ డీర్ అనే జింక ఉంటుంది. కంచర గాడిదకి ఉన్నంత చెవులుంటాయి, అందుకే ఆ పేరు. వేటగాళ్లు లైసెన్సులు కొంటారు, ఆ డబ్బుతోనే వన్యప్రాణి శాఖలు చాలావరకు నడుస్తాయి. జింకలు తగ్గితే వేటగాళ్లకి కోపం, వాళ్ల వేలు ముందుగా చూపేది కూగర్ వైపే.

ఒక కూగర్ ఎన్ని జింకల్ని తింటుంది? ఇక్కడ మన సీఎస్‌ఈ వాళ్లకి నచ్చే పని ఉంది. జీపీఎస్ కాలర్ కొన్ని గంటలకోసారి లొకేషన్ పంపుతుంది. మామూలుగా చుక్కలు మ్యాప్ మీద చెల్లాచెదురుగా ఉంటాయి. జింకని చంపిన కూగర్ మాత్రం దాన్ని ఆకులతోనో మంచుతోనో కప్పి, రెండు మూడు రోజులు అక్కడే తచ్చాడుతూ తింటుంది. అప్పుడు చుక్కలు ఒకచోట గుంపు కడతాయి. ఆ గుంపుల్ని ప్రోగ్రామ్ పట్టుకుంటుంది. అచ్చం మనం ల్యాబ్‌లో చేసే క్లస్టరింగే. తర్వాత మనుషులు కొండలెక్కి వెళ్లి ఎముకలు, వెంట్రుకలు చూసి ఏ జంతువో, ఎంత వయసో రాసుకుంటారు. అలా తేలిందేంటంటే పెద్ద కూగర్ సుమారుగా వారానికో, పది రోజులకో ఒక జింకని చంపుతుంది. కూనలున్న తల్లి ఇంకా ఎక్కువ. చిన్న జింకపిల్ల అయితే కొన్ని గంటల్లో అయిపోతుంది, చుక్కలు గుంపు కట్టే లోపే భోజనం ముగుస్తుంది, కాబట్టి ఎండాకాలం లెక్క తక్కువ పడుతుంది. ఎలుగుబంటి వచ్చి కళేబరాన్ని లాక్కుంటే కూగర్ మళ్లీ వేటకి పోవాలి, అప్పుడు పెరుగుతుంది.

ఇప్పుడు గుణింతం. ఇది నా ఊహా కొండ, నిజం కొండ కాదు. 20 కూగర్లు, ఒక్కోటి ఏడాదికి 45 జింకలు, మొత్తం 900. కొండమీద జింకలు 6,000 అయితే 15 శాతం. ఇందులో ప్రతి అంకెకీ వెనక ఒక తోక ఉంది. కూగర్లు 14 కావచ్చు, 28 కావచ్చు. తినేవి 35 కావచ్చు, 55 కావచ్చు. జింకల్ని హెలికాప్టర్ నుంచో, నేల మీద పెంటికల కుప్పల్నుంచో లెక్కేస్తారు, కాబట్టి అవి 5,000 కావచ్చు, 8,000 కావచ్చు. ఒక కొసన జవాబు 6 శాతం, ఇంకో కొసన 31 శాతం. ఈ మీటింగులో ఒకాయన 6 అంటాడు, ఇంకొకాయన 31 అంటాడు, ఇద్దరి దగ్గరా కాలిక్యులేటర్ ఉంది.

ఒకవేళ 900 అనేది పక్కా నిజం అనుకుందాం. అప్పుడైనా కూగర్లు లేకపోతే 900 జింకలు ఎక్కువుండేవి అనొచ్చా? ఈ వ్యాసంలో నేను అన్నిటికంటే చెప్పాలనుకున్నది ఇదే. అనకూడదు. హాస్టల్ మీద ట్యాంకు నిండి పైనుంచి కారుతోంది అనుకోండి. మోటార్ ఆన్‌లోనే ఉంది. మీరు నాలుగు బకెట్లు తోడుకున్నా మట్టం తగ్గదు, ఎలాగూ కింద పోయే నీళ్లే మీ బకెట్లో పడ్డాయి. అదే మోటార్ ఆగిపోయి ట్యాంకు సగమే ఉంటే ప్రతి బకెట్టూ లెక్కే. కొండకి మేత ఎంత ఉందన్నదే ట్యాంకు అంచు. జింకలు ఆ అంచు దాకా ఉంటే చలికాలంలో కొన్ని ఎలాగూ ఆకలితో, జబ్బుతో పోతాయి. కూగర్ పట్టింది వాటిలో దాన్నే అయితే మంద తగ్గినట్టు కాదు. చావుకి కారణం మారింది, సంఖ్య మారలేదు. జింకలు అంచుకి బాగా కింద ఉన్నప్పుడు మాత్రం కూగర్ తిన్న ప్రతి జింకా మందలో నిజంగా తగ్గినట్టే. కాబట్టి కూగర్ల వల్ల నష్టమెంత అని అడిగితే, ముందు ట్యాంకు ఎంత నిండి ఉందో చెప్పమనాలి. దాన్ని కూగర్లని లెక్కపెట్టి చెప్పలేం.

దీన్ని మొదట గట్టిగా చూసినాయన మారిస్ హార్నోకర్. 1964లో ఐడహోలో, రోడ్లే లేని కొండల్లో, విల్బర్ వైల్స్ అనే కొండమనిషి సాయంతో, వైల్స్ వేటకుక్కలతో మంచులో తిరిగి కూగర్లని పట్టి గుర్తులు పెట్టారు. ఏళ్ల తరబడి అవే పిల్లుల్ని మళ్లీ మళ్లీ పట్టారు. 1970లో వచ్చిన ఆయన నివేదిక ప్రకారం, కూగర్ల సంఖ్య పెద్దగా మారలేదు. అవి ఒకదాని ఇలాకాలోకి ఒకటి రాకుండా సర్దుకుంటూ తమ సంఖ్యని తామే అదుపులో ఉంచుకున్నాయి. ఆ ఏళ్లలో జింకలూ, ఎల్క్ అనే పెద్ద జింకలూ మాత్రం పెరిగాయి. అప్పటిదాకా చీడపురుగులా చూసిన జంతువు మీద చాలామంది అభిప్రాయం మారడానికి ఆ పని ఒక కారణం.

అదే ఐడహోలో, ఆగ్నేయ భాగంలో, 1997 నుంచి 2003 వరకు ఇంకో పెద్ద ప్రయోగం జరిగింది. కొన్ని ప్రాంతాల్లో కూగర్లని కావాలని తగ్గించారు, కొన్నిచోట్ల కొయోటీలని తగ్గించారు, ఇంకొన్నిచోట్ల వదిలేశారు. మనం కంట్రోల్ గ్రూప్ అంటామే, అలా. కూగర్లు తగ్గిన చోట ఆడజింకలు, పిల్లలు కొంచెం ఎక్కువగా బతికాయి. కానీ మంద పెరిగే వేగంలో చెప్పుకోదగ్గ మార్పు రాలేదు. వానలు ఎంత పడ్డాయి, చలికాలం ఎంత కఠినంగా ఉంది అన్నవే ఎక్కువ నిర్ణయించాయి. వాతావరణానికి వేట కోటా పెట్టలేం కదా!

అలాగని కూగర్లకి క్లీన్ చిట్ ఇచ్చేయకూడదు. కాలిఫోర్నియాలోని సియెరా నెవాడాలో బిగ్‌హార్న్ అనే కొండగొర్రెలు 1990ల నడుమ సుమారు వందకి పడిపోయాయి. అక్కడ కూగర్ల కడుపు నింపేవి జింకలు. జింకలు బాగా ఉండబట్టి కూగర్లూ బాగున్నాయి, మధ్యలో దారిలో దొరికిన గొర్రెని కూడా పట్టేవి. కూగర్ మెనూలో గొర్రె పెరుగన్నంలో ఆవకాయ ముక్కంత. కానీ వందే ఉన్న మందకి పది పోతే ప్రాణసంకటం. చంపినవి అలా ఉంచితే, భయంతో గొర్రెలు చలికాలంలో మేత దొరికే కింది లోయలకి దిగడం మానేసి పైన మంచులోనే ఉండిపోయాయని అక్కడి పరిశోధకులు గమనించారు. ఈ నష్టం ఏ కళేబరాల లెక్కలోనూ రాదు. అక్కడ కొన్ని కూగర్లని తొలగించాల్సి వచ్చింది. నాకైతే అది సబబుగానే అనిపిస్తుంది, ట్యాంకు అడుగంటినప్పుడు బకెట్టు లాక్కోవాల్సిందే.

ఇక ఈ సబ్జెక్టులో అందరికంటే పేరున్న కథ కైబాబ్ పీఠభూమిది. అరిజోనాలో గ్రాండ్ కాన్యన్ ఉత్తరపు ఒడ్డున ఉంటుంది. 1906లో రూజ్‌వెల్ట్ దాన్ని వన్యప్రాణి రక్షిత ప్రాంతంగా ప్రకటించాడు. జింకల వేట ఆపేశారు. జింకల మేలు కోరి, వాటిని తినేవాటిని చంపడం మొదలుపెట్టారు. కొన్ని దశాబ్దాల్లో దాదాపు 800 కూగర్లు, వేలల్లో కొయోటీలు పోయాయి, ఉన్న కాసిని తోడేళ్లూ పోయాయి. జింకలు 4,000 నుంచి లెక్కలేనన్ని అయ్యి, 1924 నాటికి లక్షకి చేరి, ఆకూ కొమ్మా నాకేసి, ఆకలితో కుప్పలుగా చచ్చాయి. 1924 డిసెంబరులో జార్జ్ మెక్‌కార్మిక్ అనే ఆయన జింకల్ని తోలుకుంటూ గ్రాండ్ కాన్యన్ దాటించి అవతలి ఒడ్డుకి చేరుస్తానన్నాడు. గంటలు, డబ్బాలు వాయించుకుంటూ జనం వరసగా అడవిలో నడిచారు. మంచు పడింది, జింకలు మనుషుల మధ్యలోంచి వెనక్కి జారుకున్నాయి. ఒక్కటి కూడా దాటలేదు. ఆల్డో లియోపాల్డ్ 1943లో ఈ జింకల గ్రాఫ్ గీశాడు, అది పాఠ్యపుస్తకాలకెక్కింది. వేటాడే జంతువుని చంపితే ఏమవుతుందో చెప్పే పాఠం.

1970లో గ్రేమ్ కాఫ్లీ అనే జీవశాస్త్రవేత్త ఆ గ్రాఫ్ వెనక్కి వెళ్లి చూశాడు. 1924లో జింకలు ఎన్ని అన్నదానికి ఆ ఏడు కొండ చూసిన మనుషులు చెప్పిన అంకెలు 30,000 నుంచి 1,00,000 దాకా ఉన్నాయి. 30,000 అన్నది అక్కడే పనిచేసే అటవీ అధికారి. లక్ష అన్నది బయటి నుంచి చూడ్డానికి వచ్చినవాళ్లు. గ్రాఫ్‌కెక్కింది లక్ష. అది ఒక పుస్తకం నుంచి ఇంకో పుస్తకానికి మారేకొద్దీ చుక్కల గీత గట్టి గీత అయింది, వంపులు నునుపుదేరాయి. పైగా అదే కాలంలో ఆ కొండమీద మేసే గొర్రెలు, పశువులు బాగా తగ్గాయి. మేత మిగిలింది. జింకలు పెరిగింది కూగర్లు పోయినందుకా, గొర్రెలు పోయినందుకా? ఆ డేటాతో విడదీయలేం అన్నాడు కాఫ్లీ. చాలా పుస్తకాలు కైబాబ్‌ని మెల్లగా తీసేశాయి.

కథ అక్కడితో ఆగలేదు. 2006లో కొందరు పరిశోధకులు జింకల్ని వదిలేసి చెట్లని అడిగారు. ఆస్పెన్ మొలకలంటే జింకలకి ప్రాణం. కైబాబ్‌లో ఆస్పెన్ చెట్ల వయసులు లెక్కేస్తే, జింకలు విపరీతంగా ఉన్నాయన్న ఆ 1920లలో మొలిచి బతికినవి చాలా తక్కువ. కాబట్టి లక్ష అనే అంకె నమ్మలేకపోయినా, మంద విపరీతంగా పెరిగిందన్న లియోపాల్డ్ మాట మళ్లీ నిలబడింది. అంకె తప్పైనా కథ నిజం కావచ్చన్నమాట. నాకు ఇందులో బాగా నచ్చింది ఈ మలుపే. జింకల్ని లెక్కపెట్టనివాళ్లు ఎనభై ఏళ్ల తర్వాత చెట్ల దగ్గర ఆ లెక్క వెతికారు.

ఇంకో రెండు ముక్కలు, త్వరగా. కొలరాడోలో జింకల మెదడుని తినేసే ప్రయాన్ జబ్బు ఉంది, కూగర్లు చంపిన జింకల్లో ఆ జబ్బున్నవి మామూలు కంటే ఎక్కువ శాతం ఉన్నాయని 2010లో తేలింది. నీరసపడిన దాన్నే పడతాయి కాబోలు. రెండోది రోడ్లు. అమెరికాలో మన చుట్టాలు ఎవరున్నా అడగండి, రాత్రి డ్రైవింగ్‌లో దేనికి భయం అని, జింక అనే అంటారు. తూర్పు రాష్ట్రాలకి కూగర్లు మళ్లీ వస్తే 30 ఏళ్లలో జింకలని గుద్దే ప్రమాదాలు 22 శాతం తగ్గి 155 మంది ప్రాణాలు మిగులుతాయని 2017లో ఒక మోడల్ లెక్క వేసింది. మోడల్ లెక్కే, ఇంతసేపు చెప్పిన తోకలన్నీ దానికీ ఉన్నాయి.

ఇప్పుడు ఈ లెక్కలన్నీ చేరే చోటికి వద్దాం. వాషింగ్టన్ రాష్ట్రంలో కూగర్ల సంఖ్య సహజంగా ఏడాదికి సుమారు 14 శాతం పెరగగలదని పరిశోధకులు తేల్చారు. దాని చుట్టూనే 12 నుంచి 16 శాతం మధ్య వేట హద్దు పెట్టుకున్నారు. వినడానికి పద్ధతిగా ఉంది. ఒక లోయలో 40 ఉన్నాయని అంచనా వేసి 15 శాతం, అంటే 6, చంపనిచ్చారు అనుకోండి. నిజానికి అక్కడున్నవి 20 అయితే? ఆ ఆరు 30 శాతం అవుతాయి, అవి పుట్టుకొచ్చే వేగానికి రెట్టింపు. 56కి, 28కి మధ్య తేడా ఒక్క పిల్లి కెమెరా వెనక నుంచి వెళ్లడమే అని పైన చూశాం. పైగా పాత మగది పోయిన జాగాలోకి పక్క కొండల నుంచి కుర్రవి వచ్చి చేరతాయి. తర్వాతి ఏడు లెక్కలో సంఖ్య తగ్గినట్టే కనిపించదు. అది మన లోయ బలమో, పక్క లోయ అప్పో కెమెరా చెప్పదు.

2023లో యూటా రాష్ట్రం చట్టం మార్చి, లైసెన్స్ ఉన్నవాళ్లు ఏడాది పొడవునా, పరిమితి లేకుండా కూగర్లని వేటాడొచ్చంది. జింకలని కాపాడాలన్నది అక్కడ వినిపించిన వాదనల్లో ఒకటి. 2024 నవంబరులో పక్కనే ఉన్న కొలరాడోలో వేట నిషేధించాలా అని జనాన్ని ఓటు అడిగారు. ఓడిపోయింది, అక్కడ కోటాలతో వేట సాగుతోంది. కాలిఫోర్నియాలో పూర్తి నిషేధం. యూటా, కొలరాడోల మధ్య కొండల్లో తిరిగే కూగర్‌కి రాష్ట్ర సరిహద్దు తెలియదు, దాని డీఎన్ఏ నమూనా మాత్రం ఏ వైపు దొరికితే ఆ రాష్ట్రం లెక్కలో పడుతుంది. యూటాలో ఇప్పుడు కోటా లేదు కాబట్టి చంపడానికి ముందు ఎన్ని ఉన్నాయో తెలియాల్సిన పని కూడా లేదు. చచ్చినవాటిలో ఆడవి ఎన్ని, వయసెంత అన్నది చూసుకుంటూ, మిగిలినవాటిని వెనక్కి ఊహించుకోవాలి.